అమ్మ పలకని నలుపు

ఇలెక్ ఏటి ఒడ్డు,
24 మే 1987

కమ్షాత్ అక్కకు టోక్తార్ రాసేది.

నా రాత బాగుండదు. అక్షరాలు మందలోంచి తప్పిపోయిన గొర్రెల్లా తలా ఒక దిక్కు పోతాయి. తప్పులు కూడా ఉంటాయి. నాలుగో తరగతితో ఆగిపోయినవాణ్ణి, కోప్పడకుండా కూడబలుక్కుని చదువుకో.

మేం బాగున్నాం. మంచు ముందే కరిగింది, మైదానం పచ్చగా ఉంది. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఉల్జాన్ నీ కోసం ఎండు పెరుగుండలు చేసి మూట కట్టింది. కరగండా వైపు వచ్చేవాళ్ళుంటే పంపుతాను.

ఒక సంగతి. పట్నం నుంచి తవ్వకాల వాళ్ళు వచ్చారు. నల్లదిబ్బ తవ్వుతారట. వాళ్ళ పెద్ద రైసా పావ్లోవ్నా అని ఒకావిడ. ఎండకు కమిలిపోయి మన కాపరుల్లాగే ఉంది. టీ తాగడానికి మా ఇంటికి వచ్చింది. "పెద్దాయనా, ఆ దిబ్బలో మీవాళ్ళ సమాధులేమైనా ఉన్నాయా? మీవాళ్ళు పాత దిబ్బల్లో కూడా పూడ్చేవాళ్ళని విన్నాను. ఉంటే చెప్పండి, ఆ పక్క ముట్టుకోను" అంది.

కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదని నీకు తెలుసు. ఉల్జాన్ వెనక నుంచి నా వీపు పొడిచింది. అప్పుడు చెప్పాను. "అక్కడెవరూ లేరమ్మా. మా తమ్ముడొకడు ఉన్నాడు గానీ వాడు మసకదిబ్బలో ఉన్నాడు. అది ఏటికి అవతల."

అమ్మ నీతో అన్న మాటే కదా అది, జానుజాక్ మసకదిబ్బలో ఉన్నాడని. నేను ఏటా మంచు కరగగానే అక్కడికి వెళ్ళి, చదవాల్సిన నాలుగు ముక్కలు చదివి వస్తున్నాను. ఈసారీ వెళ్ళాను. గుర్రం కుంటుతుంటే దాన్ని నడిపించుకుంటూ వెళ్ళాను.

ఆవిడ వెళ్ళాక ఉల్జాన్ అంది, "అబ్బో, మా ఇంటాయన పరాయి ఆడమనిషితో మాట్లాడాడు. ఈ ఏడు గొర్రెలు కవలల్ని ఈనతాయి" అని.

ఇంక రాయడానికి ఏం లేదు.

నీ తమ్ముడు టోక్తార్


కరగండా,
10 జూన్

ఒరేయ్ టోక్తార్,

నీ రాతకేం, బాగానే అర్థమవుతుంది. వచ్చిన చిక్కల్లా నాలుగు మాటలు రాసి ఆపేస్తావు. మిగతా నలభై నేను ఊహించుకోవాలి. గుర్రం కుంటుతోందన్నావు, ఏ కాలో రాయలేదు. ఇప్పుడు రెండు రోజులుగా ఆ గుర్రం నా తలలో నాలుగు కాళ్ళా కుంటుతోంది.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నాలుగో అంతస్తు మెట్లెక్కేసరికి మా ఆయన గని బాధలన్నీ గుర్తొస్తాయి. ఆయన పోయాక ఈ ఇల్లు మరీ ఎత్తుకు పోయినట్టుంది.

జానుజాక్ దగ్గరికి వెళ్ళావు, సంతోషం. ఊరొదిలినప్పుడు నాకు పదేళ్ళు. అనాథ బడి బండి ఎక్కించాక మళ్ళీ ఆ ఏరు చూడలేదు. నాలుగుసార్లు బయలుదేరాను, నాలుగుసార్లూ ఏదో అడ్డొచ్చింది అంటాను గానీ, నిజానికి నాకే కాళ్ళు రాలేదు. నువ్వు ఆరేళ్ళవాడివి, బాబాయి ఎత్తుకుపోయాడు, నీకు ఏమీ గుర్తులేదు. అదృష్టవంతుడివి. నాకు మూడేళ్ళ జానుజాక్ మెడ కూడా గుర్తుంది. తల బరువు మోయలేక ఎలా వాలిపోయేదో.

తవ్వుకోనీ. బంగారం దొరికితే అక్కకు ఒక చెవిపోగు అడుగు. నువ్వు అడగవులే. ఉల్జాన్‌ని అడగమను.

కమ్షాత్


ఇలెక్ ఒడ్డు,
18 జూలై

అక్కా,

కుంటేది వెనక ఎడమ కాలు. ఇప్పుడు బాగైంది.

నల్లదిబ్బలో మనిషి దొరికాడు. ముస్లిములు ఈ నేల మీదికి రాకముందటి వాడట, గుర్రపు వీరుడు. సర్మాతులు అంటారట వాళ్ళని. రెండువేల ఏళ్ళు దాటిందట. నన్నూ రమ్మన్నారు, వెళ్ళి గట్టున నిలబడ్డాను. వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కన నా చేయంత కత్తి, తుప్పు పట్టి రొట్టె మాడినట్టు అయిపోయింది. కాళ్ళ దగ్గర అంబుల ములుకులు, ఆకుపచ్చగా. తల కింద సుద్దమట్టి. ఒక పళ్ళెంలో గొర్రె ముందుకాలు, దాని మీదే చాకు. దారిలో తినడానికి పెట్టారన్నమాట. మనం కూడా ప్రయాణానికి అదే ముక్క కడతాం కదా.

అతని ఎడమ భుజం పక్కన చిన్న ఎముకలు ఉన్నాయి. పసివాడు. అతని వైపు తిరిగి పడుకున్నాడు.

రైసా పావ్లోవ్నా టోపీ తీసేసింది. అంతలో పత్రికవాడు వచ్చాడు, మోటారు సైకిలు మీద. "తండ్రీ కొడుకులా?" అని అడిగాడు. ఆవిడ "తెలీదండీ. ఇక్కడ నిండా నక్క బొరియలు, మట్టి మొత్తం కలగలిసిపోయింది. శుభ్రం చేసి చూస్తే గానీ చెప్పలేను" అంది. వాడు రాసుకుంటూనే ఉన్నాడు. ఆవిడ చెప్పిందానికంటే ఎక్కువే రాసుకున్నాడు.

పసివాణ్ణీ ఆ భుజాన్నీ మట్టితో సహా సున్నపు ముద్ద పోసి, ఒకే దిమ్మగా ఎత్తి పట్నం తీసుకుపోయారు.

ఆ పూట ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఉల్జాన్ "ఎవరో పరాయి పిల్లాడి కోసం నీకెందుకయ్యా" అంది. అని తనే కళ్ళు తుడుచుకుంది.

టోక్తార్


కరగండా,
5 ఆగస్టు

తమ్ముడూ,

పత్రిక ఇక్కడికీ వచ్చింది. మా కింది అంతస్తు నూరిలా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, "కమ్షాత్ అక్కా, మీ ఊరంట, మీ ఊరంట" అని. బొమ్మ కూడా వేశారు. "కొడుకును రెండువేల ఏళ్ళుగా వదలని వీరుడు" అని పెద్ద అక్షరాలు.

కూర్చుని ఏడ్చాను. నూరిలా భయపడి నీళ్ళు తెచ్చింది.

నీకు ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. ఆ చలికాలం సర్కారు మనుషులు వచ్చి పశువుల్ని తోలుకుపోయారు, ధాన్యం ఊడ్చుకుపోయారు. ఉడకబెట్టడానికి తోలుముక్క కూడా లేదు. నేను జ్వరంతో పడి ఉన్నాను. ఒక తెల్లవారుజామున తలుపు చప్పుడైంది, చలిగాలి వచ్చింది. నాన్న వెళ్ళిపోయాడు. స్టేషనులో గింజలు దొరుకుతాయని వెళ్ళాడని అమ్మ అంది. నాకు పూర్తిగా తెలివి వచ్చేసరికి జానుజాక్ పక్క ఖాళీ. "వాడు మసకదిబ్బలో ఉన్నాడు" అంది అమ్మ. అంతే. ఇంకేమీ చెప్పలేదు. నాలుగు రోజులకు అమ్మ కూడా పోయింది. నాన్న తిరిగి రాలేదు.

దారిలో చచ్చిపోయాడని బాబాయి నీకు చెప్పి ఉంటాడు. నేను నమ్మలేదు. చావబోయే పిల్లల్ని చూడలేక పారిపోయాడు. ఒంట్లో ఓపిక లేని ఆడమనిషి చేత గడ్డకట్టిన నేల తవ్వించాడు. యాభై ఐదేళ్ళుగా ఇదే అనుకుంటున్నాను, ఇంకో రకంగా అనుకోవడం నా చేత కావడం లేదు.

అందుకే ఆ వీరుణ్ణి చూసి ఏడ్చాను. కొడుకును చంకలోంచి దింపలేదు చూడు. పక్కన మాంసం కూడా పెట్టుకున్నాడు.

బొమ్మ గోడకు అంటించాను.

అక్క


కరగండా,
9 ఆగస్టు

టోక్తార్,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. తొందరలో గీకేస్తున్నాను. ఈసారి నా రాతకు నువ్వు కోప్పడకు.

నిన్న నూరిలాకు టీ పోస్తూ "పాలు కలపనా, మసక టీయే తాగుతావా?" అన్నాను. అది పకపకా నవ్వింది. "ఎన్నేళ్ళొచ్చినా నీకు ఈ మాట పోదు. నల్ల టీ అనరాదూ" అంది. నేనూ నవ్వాను. గిన్నె కింద పెట్టాను. ఎదురుగా గోడ మీద బొమ్మ ఉంది.

నేను మసక టీ అని ఎందుకంటాను? అమ్మ అనేది కాబట్టి. అమ్మ ఎందుకనేది? తాత పేరు కరాసాయ్. కర అంటే నలుపు, ఆ పేరులోనే ఉంది. మామగారి పేరులో ముక్క కూడా కోడలు నోట రాకూడదు. అమ్మ నల్ల గొర్రెను మసక గొర్రె అనేది. నల్ల మబ్బును మసక మబ్బు అనేది. చచ్చిపోయేదాకా అమ్మ నలుపు అనే మాట పలకలేదు. ఆఖరి రోజుల్లో కూడా మర్యాద తప్పలేదు.

నల్లదిబ్బను అమ్మ ఏమని ఉంటుంది, చెప్పు.

ఏటికి అవతల నిజంగానే మసకదిబ్బ అని ఇంకోటి ఉందని, అమ్మ మాట నీకు చెప్పినప్పుడు నాకు తెలీదు. ఉందని నీకు తెలుసు గానీ అమ్మ భాష నీకు గుర్తులేదు. బొమ్మలో దిబ్బ వెనక చీలిన బండ కనిపిస్తోంది. అది మన చలికాలపు ఇంటి గుమ్మంలోంచి తిన్నగా కనిపించేది. ఏరు దాటి పిల్లాణ్ణి మోసుకుపోయే ఓపిక అమ్మకు ఎక్కడిది? నేల గడ్డకట్టి ఉంది. నక్క బొరియలో మట్టే మెత్తగా ఉండి ఉంటుంది.

ఆ పసివాడు వీరుడి కొడుకు కాదు.

కమ్షాత్


ఇలెక్ ఒడ్డు,
25 ఆగస్టు

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. రెండోది ముందు చదివాను.

ఉల్జాన్‌కు చదివి వినిపించాను. అది చెంపలు వాయించుకుంది. "నేనెలా మర్చిపోయాను. మీ బాబాయి పేరులో తోడేలుందని నేను ఇప్పటికీ తోడేలును తోకది అంటాను కదా" అంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా ఇంట్లో ఆ మాట వింటున్నాను. తట్టలేదు.

బస్సెక్కి పట్నం వెళ్ళాను. రైసా పావ్లోవ్నా గది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. ఎవరో "ఎవరు కావాలి తాతా?" అంటే పారిపోబోయాను. ఆవిడే చూసి లోపలికి పిలిచింది. చెప్పాను. ముందు తమ్ముడని చెప్పాను, తర్వాత తాత పేరు, తర్వాత అమ్మ మాట. తికమకగానే చెప్పాను గానీ ఆవిడకు అర్థమైంది. స్టూలు మీద కూలబడింది.

"నేను అడిగాను కదా పెద్దాయనా" అంది.

"అడిగావమ్మా" అన్నాను.

తర్వాత తనే చెప్పింది, ఎముకలు కొత్తవేమోనని తనకూ అనుమానంగానే ఉందట, దిమ్మ ఇంకా విప్పలేదట. విప్పి, శుభ్రం చేసి, తనే తెచ్చి ఇస్తానంది. పత్రికవాళ్ళకు కూడా రాస్తానంది.

వాణ్ణి మనం మళ్ళీ పెట్టుకుందాం అక్కా. నువ్వు రా. మంచు పడకముందే రా.

టోక్తార్


కరగండా,
27 ఆగస్టు

తమ్ముడూ,

పద్దెనిమిది రోజులుగా నిద్ర లేదు. ఆలోచించి ఆలోచించి ఒక చోటికి వచ్చాను. జాగ్రత్తగా చదువు.

ఎవరికీ చెప్పకు.

వాణ్ణి అక్కడే ఉండనీ. ఆ వీరుడి పక్కనే అద్దాల పెట్టెలో పెట్టనీ. బడిపిల్లలు వచ్చి చూస్తారు. "వీడెవరు?" అంటే "వీరుడి కొడుకు" అంటారు. మనవాడని చెప్తే ఏమంటారు? ఏమీ అనరు. ఆ చలికాలం గురించి ఎవరూ ఏమీ అనకూడదు కదా, మనకు తెలియదా. సంచిలో వేసి నీ చేతికిస్తారు, నువ్వు మట్టిలో పెడతావు, ఇంక వాడు ఎక్కడా ఉండడు.

వాడికి మూడేళ్ళు బతకడం తప్ప ఏం దొరికింది ఈ లోకంలో? కత్తి పట్టుకున్న నాన్న ఒకడు దొరికాడు. వదిలి వెళ్ళని నాన్న. దాన్ని వాడి దగ్గర నుంచి లాక్కోకు. నన్ను చూసి అయినా లాక్కోకు.

నువ్వు ఎలాగూ నోరు విప్పవు. మొదటిసారి దానికి సంతోషిస్తున్నాను.

కమ్షాత్


కరగండా,
4 సెప్టెంబరు

టోక్తార్,

నువ్వు చెప్పేశావని ఇప్పుడే చదివాను. అరవై ఏళ్ళు నోరు మూసుకుని బతికినవాడివి, అప్పుడే తెరవాలని నీకెందుకు అనిపించిందిరా.

బొమ్మ గోడ మీద నుంచి చింపేశాను. నేను రాను. నువ్వే పెట్టుకో. నాన్న పెట్టకుండా పోయాడు, నువ్వు పెట్టు.

ఇక నాకు ఉత్తరాలు వద్దు.

కమ్షాత్


ఇలెక్ ఒడ్డు,
4 అక్టోబరు

అక్కా,

వద్దన్నావు. అయినా రాస్తున్నాను. ఇదొక్కటి చదివి, తర్వాత చింపెయ్.

రైసా పావ్లోవ్నా మొన్న లారీలో వచ్చింది. డ్రైవరు పక్కన కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దారంతా గతుకులు, వెనక పెట్టడానికి మనసొప్పలేదట. చేతిసంచీ అంత పెట్టె. ఉల్జాన్ తెల్ల కంబళి పరిచింది. ముల్లా సాగింబెక్ వచ్చాడు. ఊళ్ళో వాళ్ళకు ఎవరికీ చెప్పలేదు, అయినా ముసలివాళ్ళందరూ వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరి ఇంట్లో లేదు ఆ చలికాలం. షోల్పన్ ముసలమ్మ వచ్చి పెట్టె మీద చేయి పెట్టి "నాకూ ఒకడున్నాడమ్మా, ఎక్కడున్నాడో తెలీదు" అని ఉల్జాన్‌తో అంది. మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

నల్లదిబ్బను వాళ్ళు పూడ్చి సరిచేసి పోయారు. అక్కడే పెట్టాం. వీరుడు పట్నంలో ఉన్నాడు, ఆ చోటు ఖాళీ. ఏరు దాటించడం ఇష్టం లేకపోయింది. నువ్వన్న అద్దాల పెట్టె సంగతి నేనూ ఆలోచించాను అక్కా. నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. కానీ రాత్రి దీపాలార్పి తాళం వేస్తారట కదా అక్కడ. మనవాణ్ణి అలా వదిలి రాలేకపోయాను. నీ ఉత్తరం ముందే వచ్చి ఉంటే చెప్పకుండా ఊరుకునేవాణ్ణేమో. తెలీదు.

మట్టి వెయ్యబోయే ముందు ముల్లా "ఎవరి కొడుకు?" అని అడిగాడు. నా నోరు మళ్ళీ పెగల్లేదు. నీ మాటలు గుర్తొచ్చాయి. చివరికి "అబిల్ కొడుకు జానుజాక్" అన్నాను. నాన్న పేరు పైకి అని ఎన్నేళ్ళయిందో.

అంతా అయ్యాక రైసా పావ్లోవ్నా నన్ను పక్కకు పిలిచింది. జేబులోంచి రుమాలు మూట తీసింది. "ఇది కూడా పిల్లాడిదే. దిమ్మ విప్పాక మట్టిలో దొరికింది. మీరు చూశాక ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడదామని ఆగాను" అంది.

మగవాళ్ళ నడికట్టు బిళ్ళ అది. తోలు కొంచెం మిగిలింది. పిల్లాడి ఒంటి చుట్టూ రెండు చుట్లు చుట్టి బిగించి ఉందట, పైన కప్పిన కంబళి ముక్క జారిపోకుండా. రెండువేల ఏళ్ళది కాదు, మన కాలందే అంది. ఇనుప బిళ్ళ. ఒక మూల విరిగితే రాగి ముక్క పెట్టి అతికారు. చేత్తో చేసిన అతుకు, మోటుగా ఉంది.

మన వాళ్ళలో మగవాడు నడికట్టు ఎవరికీ ఇవ్వడు, నీకు తెలుసు. చలిలో అది లేకుండా కోటు ఒంటి మీద నిలవదు, దూరం నడిచేవాడికి అసలు కుదరదు. అమ్మ దగ్గర వేరే నడికట్టు ఉండే అవకాశం లేదు, ఉడకబెట్టడానికి తోలుముక్క కూడా లేదని నువ్వే రాశావు.

ఇది నాన్నదైతే, నాన్న వెళ్ళేసరికే జానుజాక్ పోయి ఉండాలి. తవ్వింది నాన్నే అయి ఉండాలి. నువ్వు విన్న తలుపు చప్పుడు వాణ్ణి ఎత్తుకుని వెళ్ళిన చప్పుడేమో. ఆ తర్వాత నడుముకు ఏమీ లేకుండా, కోటు తెరుచుకుని స్టేషను దారి పట్టి ఉంటాడు. ఆ గాలిలో ఎంత దూరం వెళ్ళగలడో నువ్వే చెప్పు.

నేను ఊరికే అనుకుంటున్నానేమో. ఇంకెవరిదైనా కావచ్చు. నాకు నాన్న ముఖమే గుర్తులేదు, నడుము ఏం గుర్తుంటుంది. నువ్వు పదేళ్ళదానివి. ఆయన గుర్రం మీద వెనక కూర్చుని నడుము పట్టుకుని ఉంటావు.

బిళ్ళ ఇంకా నా దగ్గరే ఉంది. మంచు గట్టిపడకముందు దాన్ని వాడి దగ్గర పెట్టాలి. తెలుసుకుని పెట్టాలని ఉంది.

నాన్న బిళ్ళకు ఒక మూల రాగి అతుకు ఉండేదా అక్కా? ఉండేది అని గానీ లేదు అని గానీ, ఒక్క మాట రాయి. మిగతా కాగితం నిండా తిట్టినా సరే. ఆలస్యం చెయ్యకు, త్వరగా రాయి.

నీ తమ్ముడు టోక్తార్